దాదు, ఫిర్యాదు

హిందీ, ఉర్దూ సభలలో కవి ఒక మంచి ద్విపద చదివినప్పుడు, గాయకుడు ఒక చక్కని పలుకు పలికినప్పుడు, శ్రోతలు తమ మెప్పును బిగ్గరగా తెలుపుతారు. దీనిని 'దాద్' ఇవ్వడమంటారు. ఈ పారసీక పదానికి మొదటి అర్థం మెప్పు కాదు, న్యాయం. అన్యాయానికి గురైనవాడు ప్రభువు వాకిట నిలిచి కోరేది దాద్. పాడినవానికి సభ ఇచ్చేదీ దాదే. తెలుగులో ఈ మాట 'దాదు లేదు, ఫిర్యాదు లేదు' అనే నానుడిలో మిగిలింది. అందులో మెప్పు అనే అర్థం జారిపోయి, మొర ఆలకించే దిక్కు అనే అర్థమే నిలిచింది. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూచినప్పుడు ఒక ప్రశ్న తలెత్తక మానదు. శ్రోత ఇచ్చే మెప్పు అతని దయవలన వచ్చే బహుమానమా, లేక కళాకారునికి చెల్లవలసిన న్యాయమా? న్యాయమే అయితే, అది దొరకని చోట ఏళ్ళ తరబడి వాయించినవాడు అన్యాయానికి గురైనట్లేనా? ఫిర్యాదు లేని అతని మౌనాన్ని ఔదార్యమనాలా, ఓటమి అనాలా?

సంగీతసభలలో ఈ ప్రశ్న అంతగా బాధించదు. అక్కడికి వచ్చినవారు వినడానికే వచ్చారు. మాటలాడుకుంటే పక్కవారే కోపగిస్తారు. భోజనశాలలో వాయించేవాని స్థితి వేరు. అక్కడికి మనుషులు ఆకలి తీర్చుకోవడానికి, మిత్రులతో పొద్దుపుచ్చడానికి, ఒక్కొక్కప్పుడు వ్యాపారపు మాటలు తేల్చుకోవడానికి వస్తారు. సంగీతం వారికి దీపాల వంటిది, కిటికీ తెరల వంటిది. ఉంటే గది బాగుంటుంది. కలకత్తాలోని పార్కు వీధి ఒకప్పుడు ఇట్టి గదులతో నిండి ఉండేది. 1956లో వెలసిన మొకాంబో, దాని ఇరుగుపొరుగున ట్రింకాస్, బ్లూ ఫాక్స్, మూలాన్ రూజ్ – వీటిలో ఒక్కొక్క వేదిక, వేదికపై ఒక వాద్యబృందం. పామ్ క్రెయిన్ గానం, లూయీ బ్యాంక్స్ పియానో పేరు తెచ్చుకున్నవి ఈ వీధిలోనే. కార్ల్‌టన్ కిట్టో అనే గిటారు వాద్యకుడు తన పేరనే ఒక జాజ్ బృందాన్ని కూర్చుకొని వాయించినదీ ఇక్కడనే. ఆ వేదికలు ఒక్కొక్కటిగా మూగవోయిన తరువాత కూడ, ఎక్కడ చోటు దొరికితే అక్కడ, జీవితపు చివరి సంవత్సరాల దాకా ఆయన అదే సంగీతాన్ని వాయించాడు. 2016 నవంబరులో ఆ నగరంలోనే మరణించాడు.

కిట్టో 1942లో బెంగుళూరులో ఒక ఆంగ్లో-ఇండియన్ కుటుంబంలో పుట్టాడు. గురుకులవాసం ఆయన ఎరుగడు. గ్రామఫోను రికార్డులే ఆయనకు గురువులు. ఆ గురువులలో అగ్రగణ్యుడు చార్లీ క్రిస్టియన్ అనే అమెరికన్ నల్లజాతి యువకుడు. క్రిస్టియన్‌కు ముందు గిటారు ధ్వని చిన్నది. ట్రంపెట్ల, సాక్సఫోన్ల నడుమ అది మునిగిపోయేది. విద్యుత్తుతో ధ్వనిని పెంచే ఉపాయం వచ్చిన తొలిరోజులలో దానిని చేపట్టి, 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, గిటారు కూడ సాక్సఫోనువలె ఒంటరిగా నిలిచి మాటలాడగలదని అతడు చూపాడు. ఆ కొలువు ముగిసిన తరువాత న్యూయార్కులోని హార్లెం ప్రాంతాన మింటన్స్ ప్లేహౌస్ అనే చిన్న క్లబ్బుకు పోయి అర్ధరాత్రి దాటేదాకా వాయించేవాడు. అక్కడ పియానో వద్ద థెలోనియస్ మంక్, డ్రమ్ముల వద్ద కెన్నీ క్లార్క్ ఉండేవారు. 1941 ప్రాంతంలో ఆ గదిలో రూపుదాల్చుతూ ఉండిన పద్ధతికే తరువాత బీబాప్ అని పేరు వచ్చింది. క్షయవ్యాధి వలన క్రిస్టియన్ 1942 మార్చిలో, 25 ఏళ్ళకే మరణించాడు. ఆ సంవత్సరమే పుట్టిన కిట్టో, తన పుట్టుకతో ముగిసిన ఆ చిన్న జీవితం వదలివెళ్ళిన బాకీని డెబ్బది నాలుగేళ్ళ ఆయుర్దాయంలో తీరుస్తూ పోయాడని ఎవరైనా అంటే, అది అతిశయోక్తి అవుతుందే గాని అబద్ధం కాదు.

బీబాప్ స్వభావం తెలియనిదే ఇక్కడి చిక్కు తెలియదు. అంతకు ముందటి జాజ్ ప్రధానంగా నృత్యశాలల సంగీతం. జనం లేచి ఆడడానికి అనువైన నడక దాని ప్రాణం. మింటన్స్‌లో పుట్టిన పద్ధతి ఆ పనికి లొంగలేదు. దాని వేగం కాళ్ళకు అందదు; దాని మలుపులు తెలిసిన చెవికే తెలుస్తాయి. పాత పాటల స్వరబంధాన్నే తీసుకొని దానిపై కొత్త వరుసలు కట్టడం, ఊహించని చోట ఆగడం, ఊహించని చోట ఎత్తుకోవడం దాని లక్షణాలు. వేదిక ఎక్కిన కొత్తవాడు ఆ నడకను పట్టలేకపోతే తానే దిగిపోయేవాడు. ఒక విధంగా అది పండితులు పండితుల ఎదుట జరిపే వాక్యార్థ సభ. అట్టి విద్యను కట్లెట్ల వాసనలో, గాజు గ్లాసుల గలగలలో ప్రదర్శించడమంటే తర్కశాస్త్ర వాదాన్ని వారపు సంతలో నడపడం వంటిది. సంతకు వచ్చినవానిని తప్పుపట్టలేము; అతడు వంకాయలు కొనడానికి వచ్చాడు.

పరాయి దేశపు కళను కలకత్తాలో వాయించడం అనుకరణ కాదా అనే ప్రశ్న కొందరికి తోచవచ్చు. దానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇవ్వనక్కరలేదు. అమెరికాలోని వర్ణవివక్షకు విసిగి దేశాంతరాలు పట్టిన నల్లజాతి వాద్యకులలో కొందరు 1930లలోనే బొంబాయి, కలకత్తా హోటళ్ళకు చేరారు. పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ కలకత్తా గ్రాండ్ హోటలులో బృందం నడిపి, 1945లో ఆ నగరంలోనే కలరాతో మరణించాడు. వారి వెంట ఆ విద్యను పట్టినవారు గోవా క్రైస్తవులు, ఆంగ్లో-ఇండియన్లు, కొందరు నేపాలీలు. డ్యూక్ ఎల్లింగ్‌టన్ 1963లో తన పెద్ద బృందంతో భారతదేశం పర్యటించేనాటికి ఇక్కడ అతనిని వినగల చెవులు సిద్ధంగా ఉన్నాయి. వయొలిన్ దక్షిణదేశానికి వచ్చి సుమారు రెండు వందల ఏళ్ళు. దానిని ఇప్పుడు పరాయిదని ఎవరూ అనరు.

అసలు అడ్డంకి మరొకటి. రసానికి స్థానం సహృదయుని హృదయమని అభినవగుప్తుని సిద్ధాంతం. నటునియందు రసం లేదు. అందుకే అతనిని 'పాత్ర' అన్నారని ఆయన శ్లేష. మద్యం పాత్రలో ఉంటుంది, కాని దాని రుచి పాత్రకు తెలియదు, తాగినవానికే తెలుస్తుంది. (పానశాలలో వాయించే వాద్యకునికి ఇంతకంటె తగిన ఉపమానం దొరకదు.) సుమారు తొమ్మిది శతాబ్దాల తరువాత టాల్‌స్టాయ్, కళాస్వరూపాన్ని గురించి వ్రాసిన గ్రంథంలో, మరొక దారిన ఇదే చోటికి వచ్చాడు. ఒకని అనుభూతి మరొకనికి అంటుకోవడమే ఆయన దృష్టిలో కళ; అంటుకోకపోతే అది ఎంత నైపుణ్యంతో చేసినా కళ కాదు. కాశ్మీర శైవునికీ రష్యా క్రైస్తవునికీ తక్కిన విషయాలలో పొత్తు కుదరదు. ఈ ఒక్క విషయంలో ఇద్దరి తీర్పూ ఒకటే: స్వీకరించేవాడు లేనిచోట కళ లేదు. ఈ తీర్పును పార్కు వీధికి వర్తింపజేస్తే, వేదికపై జరిగినది వేళ్ళ వ్యాయామం మాత్రమే అనవలసి వస్తుంది.

భవభూతికి ఈ బాధ తెలుసు. తన నాటకాన్ని తన కాలం ఆదరించదని శంకించిన ఆ కవి, కాలానికి అంతు లేదు, భూమి విశాలమైనది, తనతో సమానధర్మం గలవాడు ఎక్కడో ఎప్పుడో పుట్టకపోడని ఊరట చెందాడు. అది కవికి చెల్లిన ఊరట. తాటాకు వేచి ఉంటుంది. అప్పటికప్పుడు పుట్టి అప్పుడే పోయే సంగీతానికి ఆ వెసులుబాటు లేదు. రికార్డు ఉన్నది కదా అనవచ్చు. వేయి రాత్రులు వాయించినవాని ఒక్క రాత్రి రికార్డు కావడమే అరుదు. తక్కిన తొమ్మిది వందల తొంబదితొమ్మిదింటికి సమానధర్ముడు ఆ గదిలోనే, ఆ గంటలోనే పుట్టి ఉండాలి.

అయితే ఇంత కఠినమైన సిద్ధాంతానికి జాజ్ చరిత్రయే ఒక చిక్కు తెచ్చిపెట్టింది. 1961 జూన్ 25, ఆదివారం నాడు, న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో పియానో వాద్యకుడు బిల్ ఎవన్స్ బృందం వాయించినదంతా రికార్డు చేశారు. బేసు వాయించినవాడు స్కాట్ లఫారో, డ్రమ్ములు పాల్ మోషన్. ముగ్గురు మనుషులు ఒకే ఆలోచనను పంచుకొని పలికిన తీరుకు ఆ రికార్డులు నేటికీ ప్రమాణంగా నిలిచి ఉన్నాయి. పదకొండు రోజుల తరువాత లఫారో కారు ప్రమాదంలో మరణించాడు. అతని వయస్సు 25. ఈ రికార్డులను శ్రద్ధతో వింటే సంగీతం వెనుక మరొకటి వినబడుతుంది. గ్లాసులు తగులుతున్న చప్పుడు, ఎవరో నవ్వడం, సంభాషణ. ఆ ఇరువది అయిదేళ్ళ యువకుడు తన ఆయుష్షులోని చివరి గొప్ప సాయంకాలం వాయిస్తున్నాడు. బల్ల వద్ద ఒకరు తన కథ ఏదో చెప్పుకుంటున్నారు. ఆ గది మొత్తం చెవిటిదని కాదు. కాని ఆ సంగీతపు మహత్త్వం గది శ్రద్ధపై ఆధారపడి ఉంటే, అది పుట్టి ఉండవలసినది కాదు. పుట్టింది. దేనిపై ఆధారపడి పుట్టిందన్నదే విచార్యం.

దీనికి సరిగా ఎదుటి దృష్టాంతం చార్లెస్ మింగస్. బేసు వాద్యకుడైన ఈ మహాకోపి క్లబ్బులలో మాటలాడేవారిని వేదికపైనుండే మందలించేవాడు. 1960లో అతడు స్టూడియోలో ఒక రికార్డు చేస్తూ, అక్కడ శ్రోతలెవరూ లేకపోయినా, క్లబ్బులో ఉన్నట్లు భావించుకొని, గ్లాసులలో ఐసు ముక్కలు గలగలలాడించవద్దని, గల్లాపెట్టె మోగించవద్దని హెచ్చరించాడు. లేని శ్రోతను తిట్టడం నవ్వు తెప్పించవచ్చు. కాని మింగస్ కోపానికి వెనుక ఒక చరిత్ర ఉన్నది. హార్లెంలోని కాటన్ క్లబ్బులో, ఎల్లింగ్‌టన్ బృందం 1927 నుండి 1931 వరకు వాయించి కీర్తిగడించిన ఆ చోట, వేదికపై ఉన్నవారు నల్లవారు. బల్లల వద్ద కూర్చుండే హక్కు తెల్లవారిది. వినోదం ఇచ్చినవాడు అదే గదిలో అతిథిగా కూర్చుండరాదు. అక్కడి చప్పట్లు ఎంత బిగ్గరగా మోగినా వాటిని దాద్ అనడానికి నోరు రాదు. న్యాయమనే అర్థం ఆ మాటకు ఉన్నంతకాలం, మనిషికి కుర్చీ నిరాకరించి పాటకు చప్పట్లు కొట్టడం దాద్ కానేరదు.

కనుక వినకపోవడంలో రెండు రకాలున్నాయని గుర్తించాలి. ఆకలిగొన్నవాడు, ప్రియురాలితో మాటలాడుతున్నవాడు, మరునాటి అప్పును తలచుకొని దిగులుపడుతున్నవాడు వినకపోవడం మొదటి రకం. అతని మనస్సు మరొకచోట ఉన్నది. అది వాద్యకునికి చేసిన అవమానం కాదు. వాయించేవానియందు వినదగినది ఏదీ ఉండజాలదని ముందే నిశ్చయించుకొని కూర్చోవడం రెండవ రకం. మొదటిదానిని సహించడం సౌజన్యం. రెండవదానిని సహించడం సౌజన్యం కాదు, దానికి ఫిర్యాదు చెల్లుతుంది. మింగస్ ఈ రెండింటినీ ఒకే గాటకట్టి కొట్టాడని విమర్శించవచ్చు. చీకటిలో కూర్చున్న ఆ ముఖాలలో ఏది ఏ రకమో వేదికపైనుండి ఎలా తెలియాలన్నది మాత్రం విమర్శకుడు చెప్పలేడు.

ఎవన్స్ బృందపు సంగీతం దేనిపై ఆధారపడి పుట్టిందన్న ప్రశ్నకు తిరిగి వస్తే, సమాధానం బల్లల వైపు కాక వేదిక వైపు వెదకాలి. గిటారు, సాక్సఫోను, బేసు, డ్రమ్ములు గల ఒక సాధారణ జాజ్ బృందం చేసే పనిని గమనించవచ్చు. పాట తరచు 32 కొలతల ఆవర్తం. మొదట అందరూ కలిసి దాని వరుసను వాయిస్తారు. ఆ తరువాత వరుస మాయమవుతుంది గాని ఆవర్తం తిరుగుతూనే ఉంటుంది. దానిపై ఒక్కొక్కరు తమ వంతున మనోధర్మం వాయించి, చివరకు మళ్ళీ అందరూ మొదటి వరుసకు వస్తారు. సాక్సఫోను వంతు నడుస్తున్నప్పుడు గిటారు వాయించేవాడు ఏమి చేయాలి? కొన్ని స్వరాలను ఒక్కసారిగా మోగించి, సాక్సఫోనుకు కాళ్ళకింద నేల చూపుతూ ఉండాలి. ఎక్కువ మోగిస్తే పలికేవాని నోరు నొక్కినట్లు. తక్కువైతే వానిని గాలిలో వదలినట్లు. మధ్యలో సాక్సఫోను తోవ మార్చితే ఆ మార్పును అది పూర్తికాకముందే పసిగట్టి తాను కూడ మారాలి. అనగా అతడు విన్నదానికి బదులు చెప్పడం లేదు. వినబోయేదానికి చోటు చేస్తున్నాడు. చేతివేగం గల యువకులకు ఇది తొందరగా అలవడదు. ఖాళీ కనబడితే వారికి దానిని నింపాలని ఉంటుంది. ముప్పై నలభై ఏళ్ళు వాయించినవానికి ఏ ఖాళీ ఎవరి కొరకు ఉన్నదో తెలుస్తుంది.

ఈ తోడు వాయించే పనికే జీవితాన్ని ధారపోసినవాడు ఫ్రెడ్డీ గ్రీన్. 1937లో అతడు కౌంట్ బేసీ పెద్ద బృందంలో గిటారు వాద్యకుడుగా చేరాడు. బేసీ 1984లో మరణించాడు. గ్రీన్ 1987లో తాను మరణించేదాకా ఆ బృందంలోనే ఉన్నాడు. ఈ యాభై ఏళ్ళలో అతడు తన వంతుగా ఒంటరిగా వాయించిన సందర్భాలు వ్రేళ్ళపై లెక్కింపదగినంత తక్కువ. కొలతకు నాలుగు దెబ్బలు, రాత్రి తరువాత రాత్రి. బృందంలోని వారు అతనిని గురించి ఒక కథ చెప్పుకొనేవారు. విద్యుత్ గిటారు కొత్తగా వచ్చిన రోజులలో గ్రీన్ కూడ ఒకటి తెచ్చుకొని ఒంటరిగా వాయించడం మొదలుపెట్టాడట. అతడు ఆ పనిలో పడేసరికి బృందం కింద నేల కదలిపోయింది. తోటివారు రహస్యంగా ఆ యంత్రాన్ని పాడుచేస్తూ వచ్చారు. బాగుచేయించగా చేయించగా విసిగి అతడు పాత గిటారుకే తిరిగి వచ్చాడు. కథ నవ్వులాటగానే చెబుతారు. అందులో క్రూరత్వం కూడ లేకపోలేదు: ఒక మనిషికి తన మాట తాను చెప్పుకోవాలని పుట్టిన కోరికను మిత్రులే నొక్కివేశారు. బృందధర్మాన్ని పొగడేవారు ఈ వెల సంగతి మరువరాదు. అయినా ఆ మిత్రులు గ్రీన్‌ను వినలేదని మాత్రం అనలేము. గదిలో ఎవరి చెవికీ విడిగా అందని ఆ గిటారు ఆగిపోతే ఏమవుతుందో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తరువాతి కాలపు పరిశోధకులు అతని వాదనను పరిశీలించి మరొక విశేషం కనుగొన్నారు. చూపుకు అతని వ్రేళ్ళు అనేక తీగలపై ఉన్నా, చాలాచోట్ల నిజంగా మోగినది ఒక్క తీగ, లేదా రెండు. తక్కినవి అతడు పట్టి ఉంచి పలకనీయలేదు.

హిందీలో ఈ పనికి 'సంగత్' అని పేరు. తబలా వాయించేవాడు సితారుకు సంగత్ చేస్తాడు. సజ్జనుల సహవాసానికీ అదే మాట. తెలుగువారి సంగీతంలో అదే ధాతువు నుండి పుట్టిన 'సంగతి' వేరొక పనికి కుదిరింది. కృతిలోని ఒక పంక్తిని మార్చి మార్చి పాడే మెరుగులను సంగతులన్నారు. తోడు వాయించేదానికి పక్కవాద్యమని పేరు పెట్టారు. పక్కన ఉండడమే దాని ధర్మమన్నట్లు. ఈ పేరు వలన కొంత అపకారం కూడ జరిగింది; మృదంగ విద్వాంసుడు ఎంతటివాడైనా కరపత్రంలో అతని పేరు కింది వరుసలోనే పడుతుంది. హిందీ మాటలో ఆ ఎగుడుదిగుడు లేదు. సంగత్‌లో ఇద్దరూ కలిసి ఒక దారిన పోతున్నారు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది మాటలో లేదు.

ఇక్కడ అభినవగుప్తుని పాత్రకు ఒక వింత గతి పట్టింది. జాజ్ బృందంలో ప్రతివాడూ తన వంతున పాత్ర, పక్కవాని వంతున సహృదయుడు. గిటారు పలికిన ఒక చిన్న లయఖండాన్ని డ్రమ్ములవాడు అందుకొని వెంటనే తిరిగి పలుకుతాడు. విన్నానని చెప్పడానికి అంతకంటె నిక్కమైన మార్గం లేదు. చప్పట్లు కొట్టినవాడు వినకుండా కూడ కొట్టవచ్చు. వినకుండా ఈ బదులు మాత్రం పలకలేడు. ఇదే ఆ వేదికపై చెల్లే దాదు. గదిలో నలభై బల్లలుండి నలభైయూ మాటలాడుతున్నా, ముగ్గురి నుండి ఒకనికి, ఒకని నుండి ముగ్గురికి ఈ న్యాయం జరిగిపోతూ ఉంటుంది. విలేజ్ వాన్‌గార్డ్‌లో ఆ ఆదివారం జరిగినది ఇదే. స్వీకరించేవాడు లేనిచోట కళ లేదన్న సిద్ధాంతం అక్కడ ఓడిపోలేదు. స్వీకరించేవాడు కుర్చీలో కాక వేదికపై ఉన్నాడు.

అయితే ఈ సమాధానంతో తృప్తిపడితే మరొక అపాయం ఉన్నది. నలుగురు ఒకరినొకరు వింటే చాలుననుకుంటే, వారు ఎవరి ఇంట్లోనో తలుపు వేసుకొని వాయించుకోవచ్చు. క్లబ్బు ఎందుకు? జీతం కొరకు అన్నది మొదటి జవాబు, అందులో తప్పు లేదు. కాని జీతంతోనే మాట తీరిపోదు. పెండ్లి పందిరిలో నాదస్వరం వాయించే విద్వాంసుని తలచుకుంటే రెండవ జవాబు దొరుకుతుంది. అతడు తోడి రాగం విస్తరిస్తూ ఉంటాడు. ఒకవైపు వడ్డన కేకలు, ఒకవైపు పిల్లల ఏడ్పులు, మరొకవైపు మర్యాద తక్కువైందని వియ్యపురాలి అలుక. మాంగళ్యధారణ వేళ పురోహితుడు చేయెత్తి సైగ చేస్తాడు, గట్టిమేళం మోగుతుంది, అశుభమైన మాట ఏదీ చెవిన పడకుండా ఆ ధ్వని అందరినీ కప్పివేస్తుంది. ఆ క్షణం దాటితే మళ్ళీ అతని తోడి అతనిది, పందిరి గోల పందిరిది. షేక్ చినమౌలానా వంటివారు సభావేదికలపై నాదస్వరానికి నిశ్శబ్దాన్ని సంపాదించిపెట్టారు. బిస్మిల్లా ఖాన్ షెహనాయికి ఆ పనే చేశాడు. కాని ఆ వాద్యాలు పెరిగినది గోలలోనే. అక్కడ దొరికేది, మూసిన గదిలో దొరకనిది, పిలువని శ్రోత. వంటలవాడో, చెప్పులు వెదుక్కుంటున్న బంధువో, ఒక్క నిమిషం ఆగిపోతాడు. అతడు వినడానికి రాలేదు, విన్నాడు. టిక్కెట్టు కొన్నవాని శ్రద్ధలో కొంత కర్తవ్యం ఉంటుంది. ఇతని శ్రద్ధలో కర్తవ్యలేశం లేదు. క్లబ్బులోని బల్లల నడుమ ఇట్టివాడు ఎప్పుడు తల ఎత్తుతాడో తెలియదు కనుక, వాయించేవాడు ఎప్పుడూ సరిగానే వాయించాలి. (వడ్డించేవారిని కూడ ఈ లెక్కలో చేర్చాలి. ఏ రాత్రీ తప్పక ఆ సంగీతం మొత్తం విన్నవారు వారే. వారి అభిప్రాయం అడిగినవారు తక్కువ.)

వినేవారు లేరనుకున్న వాద్యకుని వెంట మూడు దయ్యాలు తిరుగుతూ ఉంటాయి. ఎవరు వింటున్నారులే అని చేయి జారవిడిచే అలసత్వం ఒకటి. ఎలాగైనా తలలు తిప్పించాలని చప్పుడు పెంచి విన్యాసాలు చేసే ఆడంబరం మరొకటి. ఈ రెండింటినీ ప్రేక్షకులు కూడ గుర్తించగలరు. మూడవది లోపల ఉంటుంది. వీరికి తెలియదు, వీరు తగరు అనే నిరంతర ఫిర్యాదు. అది ఎంత న్యాయమైనదైనా చేతివ్రేళ్ళకు విషమే. మనస్సులో జనాన్ని తిడుతున్నవాడు అదే నిమిషంలో పక్కనున్న బేసును వినలేడు.

పార్కు వీధికి 1970లలో గడ్డుకాలం వచ్చింది. నగరంలో రాజకీయ కల్లోలం, విద్యుత్తు కోతలు, వాద్యబృందం ఉన్న భోజనశాలలపై వినోదపు పన్ను, మారిన అభిరుచులు – ఒకదానిపై ఒకటి పడి ఆ వేదికలను ఖాళీ చేశాయి. సంగీతాన్ని భోజనానికి అదనపు విలాసంగా లెక్కకట్టి పన్ను వేసే ప్రభుత్వం కూడ ఒక విధంగా వినని శ్రోతయే. పైగా బిల్లు వేసే శ్రోత. చాలామంది బొంబాయికి తరలిపోయారు. లూయీ బ్యాంక్స్ అక్కడ సినిమాలకు, ప్రకటనలకు సంగీతం కూర్చి స్థిరపడ్డాడు. పోయినవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. హిందీ సినిమా పాటల వెనుక వినబడే వాద్యసమ్మేళనంలో సింహభాగం వారికి ముందుతరం గోవా వాద్యకుల చేతిపని. సెబాస్టియన్ డిసౌజా వంటివారి పేరు పాట విన్న కోట్లమందికి తెలియదు గాని పాట మాత్రం తెలుసు. అదీ ఒక రకపు పక్కవాద్యమే.

కిట్టో కలకత్తాలోనే ఉండిపోయాడు. ఇది నిష్ఠయా, మొండితనమా? బయటినుండి చూచేవారికి ఆ రెండింటి ముఖాలూ ఒకటిగానే ఉంటాయి. ఆయన మనస్సులో ఏమున్నదో తేల్చడం ఎవరి తరమూ కాదు. వాదనపద్ధతి మాత్రం తెలుస్తూనే ఉన్నది: తన తరువాత వచ్చిన ఫ్యాషన్లకు ఒదిగిపోకుండా, క్రిస్టియన్ నుండి బార్నీ కెసెల్ దాకా వచ్చిన ఆ తేటయైన, ఒకదాని వెంట ఒకటి ముత్యంవలె విడివిడిగా పలికే స్వరాల వరుసనే ఆయన పట్టుకొని ఉన్నాడు. 2010 తరువాతి తొలి సంవత్సరాలలో సుశీల్ కురియన్ అనే దర్శకుడు భారతదేశంలోని జాజ్ చరిత్రపై ఒక చలనచిత్రం తీశాడు. దాని పేరు 'ఫైండింగ్ కార్ల్‌టన్'. కార్ల్‌టన్‌ను కనుగొనడం అన్నమాట. చిత్రం మంచి పని చేసింది. మరపున పడిన అనేకుల పేర్లను వెలికితెచ్చింది. పేరు మాత్రం ఆలోచింపజేస్తుంది. ఆయన ఎక్కడికీ పోలేదు. ఆ నగరంలోనే ఉన్నాడు, వాయిస్తూనే ఉన్నాడు, వచ్చినవారికి నేర్పుతూనే ఉన్నాడు. దూరంగా పోయినది దేశపు చెవి.

కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో ఆయన గిటారు నేర్పాడు. ఈ సంగీతం నేర్చేవారికి వ్రేళ్ళ పని పట్టుబడిన తరువాత కూడ ఒక కష్టం మిగిలి ఉంటుంది: తన వంతు ముగిసిన తరువాత ఏమి చేయాలో తెలియడం. చాలామంది అక్కడ తల వంచుకొని తీగలు శ్రుతి చూచుకుంటారు. లేదా తాము అంతవరకు వాయించినదానిని మనస్సులో నెమరువేసుకుంటూ, ఎక్కడ తప్పినది, ఎక్కడ బాగున్నది అని లెక్క వేసుకుంటూ ఉంటారు. అంతలో పక్కవాడు ఎత్తుకొని, నాలుగు కొలతలు దాటిపోయి ఉంటాడు.